గీత కొట్టని జాగా

నరసరావుపేట రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల పంచలో దస్తావేజులు రాసే ఆయన్ని ఊరంతా బాబాయనే పిలిచేది. కాయితం మీద బెత్తెడు జాగా మిగిలినా సర్రున అడ్డగీత కొట్టేసేవాడు. "ఖాళీ వదిలితే ఎవడో ఒకడు వచ్చి దున్నుకుంటాడమ్మా!" అనేవాడు.

ఎనభైల్లో ఓరోజు, నర్సు ఉద్యోగం చేసే నేనూ, నాతో ఉండే టైలరమ్మా ఆయన దగ్గరికెళ్లాం. "మా ఇద్దరికీ పెళ్లి కాయితం రాస్తావా బాబాయ్? నేను పోతే మా అన్నలు దీన్ని ఇంట్లోంచి గెంటేస్తారు" అని అడిగేశాను.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తుడుచుకున్నాడు. "చట్టంలో దానికి రోడ్డు లేదే. డొంకదారిన పోదాం. ఇల్లు ఇద్దరి పేరునా పెడదాం. నీ తర్వాత నీది దానికి, దాని తర్వాత దానిది నీకు, చెరో వీలునామా రాద్దాం. మీ అన్నలు ఏం చేస్తారో నేనూ చూస్తా!"

అన్నీ రాశాడు, గీతలు కొట్టాడు. మేం ఒకరికొకరం ఏమవుతామో రాయాల్సిన చోట కలం ఆగింది.

"స్నేహితురాలని రాయి బాబాయ్" అంది టైలరమ్మ.

"ఇన్నేళ్లలో అబద్ధం రాయలా. ఇప్పుడేంది?" అంటూ ఆ జాగా అట్టానే వదిలేశాడు. "ఆ మాట సర్కారోళ్లకి ఇంకా రాదు. నేర్చుకున్నాక మీరే రాసుకోండి."

బాబాయి పోయి చానా ఏళ్లయింది. ఆ జాగాని మాత్రం మేం ఇంతవరకు ఎవర్నీ దున్ననివ్వలేదు.