రెండు దవాఖానల గోలీలు

నిన్న పొద్దున నా బీపీ చూడడానికి ఇంటికి నర్సమ్మ వచ్చింది. నర్సుగా ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ చేతులకు నేను కట్టిన పట్టీని నా చేతికి కట్టించుకుంటుంటే కొంచెం నవ్వొచ్చింది, కొంచెం సిగ్గేసింది. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని, ఉప్పూ కారం సంగతి ఎత్తకుండా, ముందు మా పెరట్లో జామచెట్టు కాస్తున్నదా అని అడిగింది. ఆ తీరు చూడగానే నాకు గజ్వేల్ అక్క గుర్తొచ్చింది.

రిటైరయ్యాక కొన్నాళ్ళు సిద్దిపేటలో, ఇళ్ళకు తిరిగి పెద్దవాళ్ళకు ఆరోగ్యం సంగతులు చెప్పే నర్సులకు నేను శిక్షణ ఇచ్చాను. మా బ్యాచ్‌లో ఆరుగురు. అయిదుగురు పాతికేళ్ళ లోపువాళ్ళు, అడగకముందే జవాబు చెప్పేవాళ్ళు. ఆరో ఆమెకు నలభై దాటాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ ఉద్యోగంలో చేరిందట. గజ్వేల్ నుంచి బస్సులో వచ్చేది కాబట్టి అందరికీ గజ్వేల్ అక్క. క్లాసులో నోరు విప్పేది కాదు. నేను బొమ్మల చార్టులు తిప్పుతూ గడగడా చెప్పుకుపోతుంటే, చార్టు వైపు కాక నా ముఖం వైపు చూసేది. ఈమె వల్ల కాదని మనసులో ఎప్పుడో మార్కులు వేసేశాను.

చివరి వారం కోహెడ దగ్గర ఒక ఇంటికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. నలభై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీసిన తాత. నెలరోజుల్లో మూడుసార్లు కింద పడ్డాడు. కనుబొమ్మ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఈసారి పడితే తుంటి విరుగుతుందని వాళ్ళావిడకు బెంగ.

"తాళ్ళెక్కినోణ్ణి, వాకిట్ల పడుడేంది బిడ్డా!" అన్నాడు తాత, దెబ్బకంటే పరువు ఎక్కువ నొచ్చినట్టు.

నేను చార్టు విప్పాను. కర్ర పట్టుకోవాలి, మెల్లగా లేవాలి, ఉప్పు తగ్గించాలి, గోలీలు మానొద్దు. అన్నిటికీ "అట్లనే" అన్నాడు. ముసలమ్మ మాత్రం, "మామిడి తొక్కు లేంది ముద్ద ముట్టడు, ఉప్పు తగ్గిస్తడట!" అని గొణిగింది. ఇరవై నిమిషాల్లో ముగించి లేచాను. బస్సు టైమవుతోంది.

గజ్వేల్ అక్క లేవలేదు. తాత మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఏ తాటిచెట్టు కల్లు తియ్యగుండేదో అడిగింది. అతను చెప్పినంతసేపూ విన్నది. నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాను. అప్పుడు మెల్లగా అంది:

"తాతా, పొద్దుగాల గోలీలు ఎట్ల ఏసుకుంటవో నాకు జర సూపియ్యరాదు?"

తాత మురిసిపోయి కొయ్యకున్న సంచి తెప్పించాడు. ఒక తెల్ల గోలీ తీశాడు, ఒక గులాబీ గోలీ తీశాడు.

"గిది మనూరి దవాఖానది, గిది టౌను డాక్టరు ఇచ్చింది. ఇద్దరూ మంచోళ్ళే. ఒకర్ని కాదంటే బాగుండదని రెండూ ఏసుకుంటున్న."

ఆమె రెండు గోలీల అట్టలూ వెనక్కి తిప్పి, వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, నా చేతికిచ్చింది. కంపెనీలు వేరు, మందు ఒకటే. నెలరోజులుగా తాత బీపీ గోలీ రెండింతలు మింగుతున్నాడు. నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతున్నది అందుకే. గోలీలు మానొద్దని అతనికి గట్టిగా చెప్పింది నేనే కదా!

అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేశాను. ఒకటి ఆపించారు. శిక్షణ అయిపోయినా, పదిహేను రోజుల తర్వాత మేం మళ్ళీ వెళ్ళేసరికి తాత వాకిట్లో తిరుగుతున్నాడు. నన్ను దాటుకుని వెళ్ళి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

తిరుగు బస్సులో ఆమెను అడిగాను, నీకెట్లా తట్టిందని. "ఏం తట్టలే మేడం. అన్నిటికి అట్లనే అంటుండు గదా, ఏం చేస్తుండో సూద్దామనిపించింది," అని, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఆ నిద్రపోయే మనిషి వైపు, గురువు వైపు చూసినట్టు సిద్దిపేట వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.

డెబ్బైకి దగ్గరైన నాకు ఇప్పుడు ఒక్కో పొద్దు ఎంతకూ గడవదు. ఆనాడు మాత్రం, ఒక ముసలాయన తన సంచి విప్పి చూపించేంత టైము కూడా నా దగ్గర లేదనుకున్నాను.