రెండు పెట్టెలకు సరిపోయే చెక్క

మా మేనత్త కార్ల సీటు కవర్లు కుడుతుంది. పెళ్ళికి ముందు రెండేళ్ళు, పెళ్ళయ్యాక పదకొండేళ్ళు, అదే షాపు, కిటికీ పక్కన అదే మిషను. సీటు వంక ఒకసారి చూసిందంటే చాలు, కూర్చునే మనిషి ఎటు ఒరుగుతాడో, ఏ కుట్టు ముందు తెగుతుందో చెప్పేస్తుంది. ఊళ్ళో ఇన్ని కార్లను బాగుచేసిన మనిషి సొంత కారు డిక్కీలో మాత్రం ఒక విరిగిన చెక్క ఏడాదిగా అలాగే పడి ఉంది.

అది విరిగింది మామయ్య వెళ్ళిన రోజున. మామయ్య వంతెనలు కట్టే కంపెనీలో క్రేను నడుపుతాడు. వంతెన ఎక్కడుంటే మకాం అక్కడే. ఏడాదికోసారి సెలవు మీద వస్తాడు. పోయినసారి తిరిగి వెళ్తూ పెద్ద పెట్టెను డిక్కీలోకి ఎక్కించి, మోకాలు ఆనించి గట్టిగా తోశాడు. స్టెప్నీ టైరు మీద కప్పి ఉండే అట్టచెక్క అప్పటికే చెమ్మకు ఉబ్బిపోయి ఉంది. నడిమికి ఫటుక్కుమంది.

"వచ్చాక చేస్తాలే," అన్నాడు మామయ్య.

ఆ తరువాత కారు గతుకులో పడినప్పుడల్లా వెనక నుంచి రెండు ముక్కలూ టకటకలాడేవి. "అదుగో, మీ మామయ్య మాట్లాడుతున్నాడు," అనేది అత్త. నవ్వుతూనే అనేది. బాగు చేయించమని ఎవరైనా అంటే, "చేస్తానన్న మనిషి రానీ," అని మాట మార్చేది.

పది రోజుల క్రితం మామయ్య ఫోన్ చేశాడు. వంతెన పని అయిపోవచ్చిందన్నాడు. "ఇంక తిరిగింది చాలు, ఇంటి దగ్గరే ఏదైనా చూసుకుందామా అనిపిస్తోంది. శనివారం నాలుగు గంటల బండికి వస్తా. మాట్లాడుకుందాం."

అత్త ఆ మాటను ఇంకాస్త లాగి అడగలేదు. గట్టిగా అడిగితే బెదిరి పారిపోతుందన్నట్టు, "సరేనండీ, జాగ్రత్తగా రండి," అని ఫోన్ పెట్టేసింది. కాసేపు మంచం అంచున కూర్చుంది. తరువాత టార్చిలైటు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళి డిక్కీ ఎత్తింది.

"సెలవు మీదయితే ఒక పెట్టెతో వస్తారు. వచ్చేయడమైతే రెండు పెట్టెలు, పరుపుచుట్ట, పనిముట్ల డబ్బా అన్నీ తెస్తారు," అంది నాతో. "నేను నోరు తెరిచి అడగను. డిక్కీ చూసుకుంటే తెలిసిపోతుంది. కానీ ఈ ముక్కల మీద అంత బరువు ఎలా పెట్టడం?"

శుక్రవారం మధ్యాహ్నం షాపుకు ఎదురుగా ఉండే వడ్రంగి దగ్గరికి వెళ్ళాం. ఆయన తలుపులు, అల్మరాలు చేస్తాడు. అత్తను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏం చెల్లెమ్మా, మిషను మీద చెక్క కూడా కుడతావా?"

"నువ్వు సరిగ్గా కోసిస్తే కుడతానన్నయ్యా. ప్లైవుడ్డు మందమైనది కావాలి."

"డిక్కీకి సన్నది చాలమ్మా! ఏనుగునెక్కిస్తావా ఏంటి?"

"కాపురాన్ని ఎక్కించాలి," అంది అత్త. వడ్రంగి మరి నవ్వలేదు. వెతికి వెతికి మందపాటి ముక్క తీసి బల్ల మీద వేశాడు. "నున్నటి వైపు పైకి పెట్టుకో. జిగురు బాగా పడుతుంది."

డిక్కీ అడుగు చూడటానికి పలకలా ఉంటుంది కానీ, రెండు పక్కలూ ఒకలా ఉండవు. అత్త కారుకి కుడివైపు చక్రం దగ్గర లోపలికి ఒంపు ఉంది, ఎడమవైపు తిన్నగా ఉంది. అత్త విరిగిన రెండు ముక్కల్నీ కలిపి పెట్టి, ఒక అట్ట మీద గీసి, కత్తిరించి నమూనా తయారుచేసుకుంది. దాన్ని చెక్క మీద పెట్టి పెన్సిలుతో గీసింది. వడ్రంగి కోశాడు. అంచులన్నీ తనే ఉప్పుకాగితంతో రుద్దింది. బూడిదరంగు కార్పెట్టు కొత్తది, షాపులో రోలు చివర మిగిలిన ముక్క, ఓనరునడిగి తెచ్చుకుంది. నున్నటి వైపు జిగురు పూసి, గాలి బుడగ లేకుండా అరచేత్తో నొక్కి నొక్కి అంటించింది. పెళ్ళికూతురు పట్టుచీర మడత సర్దినట్టు సర్దింది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి దాన్ని డిక్కీలో దింపాం. దిగలేదు. ఒంపు ఎడమవైపుకి వచ్చి కూర్చుంది.

అత్త కాసేపు అలా చూసి నుదురు కొట్టుకుంది. సీటు కవర్లు కుట్టేవాళ్ళకి ఒక అలవాటుంది. గీత పైకి కనపడకూడదని బట్టను తిరగేసి, నమూనానూ బోర్లా పెట్టి గీస్తారు. చెక్క దగ్గర వడ్రంగి మాట విని నున్నటి వైపు పైకి పెట్టింది గానీ, చెయ్యి మాత్రం పదమూడేళ్ళ అలవాటుతో నమూనాను బోర్లా పెట్టేసింది. చెక్కను తిరగేస్తే చక్కగా సరిపోతోంది. అయితే కొత్త కార్పెట్టు కిందికి పోయి, గరుకు చెక్క పైకి వస్తోంది.

"పీకేద్దామా?" అన్నాను. ఒక మూల లాగి చూసింది. పీచులు పీచులుగా చిరిగింది. జిగురు అంత బాగా పట్టింది మరి.

"ఊడిపోకూడదనే కదా పూశాను," అంది నీరసంగా.

గడియారం చూసుకుంది. ఇంకో కార్పెట్టు వెతికే టైము లేదు. గోడకి ఆనించి ఉన్న విరిగిన ముక్కల వైపు తిరిగింది. వాటి మీది పాత కార్పెట్టు చెమ్మకు జిగురు వదిలేసి, పట్టి లాగగానే ఒక్క తునకగా వచ్చేసింది. దాని మీద నూనె డబ్బా గుండ్రటి మరక ఉంది. నడిమధ్య విరిగినచోట ఒక మడత. ముందువైపు, పెట్టెను ఏటేటా ఎక్కించీ దింపీ లాగినచోట, నూగంతా అరిగి అద్దంలా నున్నగా అయిపోయింది. అత్త ఆ అరిగినచోట రెండువేళ్ళతో రాసింది. తరువాత దాన్నే ఎండలో దులిపి, గరుకు వైపు అంటించింది. ఈసారి చెక్క టక్కున దిగింది. పైన నిలబడి చూడమంది. నిలబడ్డాను. కిక్కురుమనలేదు.

నాలుగున్నరకి బండి వచ్చింది. అత్త ప్లాట్‌ఫారం మీద మనుషుల్ని చూడటం మానేసి సామాన్లు చూస్తోంది. కూలీ తోపుడుబండి మీద రెండు పెట్టెలు కనపడితే ఒక అడుగు ముందుకు వేసింది. అవి ఎవరివో. వాటి వెనక నుంచి మామయ్య వచ్చాడు, భుజానికి ఒకే ఒక్క సంచి.

"పెట్టె ఏదండీ?"

"పన్నెండు రోజులకి పెట్టెందుకు? అక్కడ గదిలోనే వదిలేసి వచ్చా. ఇంకో వంతెన మొదలైందిలే. నువ్వు లేకపోతే క్రేను ఎవరు నడుపుతారని పట్టుబట్టారు. మూడేళ్ళంట." మామయ్య ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మాట్లాడుకుందాం."

కారు దగ్గరికి వచ్చాక అత్త డిక్కీ ఎత్తింది.

"ఇంత సంచికి డిక్కీ ఎందుకు? ఒళ్ళో పెట్టుకుంటాలే."

"ఇందులో పెట్టండి."

మామయ్య పెట్టాడు. తొయ్యాల్సిన అవసరమేమీ లేకపోయినా అలవాటుగా మోకాలు ఆనించాడు. చెక్క కదల్లేదు. వంగి చూశాడు.

"ఇది విరిగింది కదా? ఇది మన పాత కార్పెట్టే!"

"పైది పాతదే. కింద చెక్క కొత్తది."

"ఎవరు చేశారు?"

"నేనే."

మామయ్య వేలి కణుపులతో కొట్టి చూశాడు. "అబ్బో, దీని మీద క్రేను దించొచ్చు," అన్నాడు. చెయ్యి కాసేపు ఆ చెక్క మీదే ఉంచి, మెల్లగా డిక్కీ మూశాడు.

అత్తే నడిపింది. గతుకుల్లో టకటకలు లేవు. స్టేషను రోడ్డు మలుపు తిరుగుతుంటే మాత్రం వెనక ఏదో జారి, ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి తగిలింది. కొత్త కార్పెట్టయితే పట్టి ఉంచేది. అరిగిపోయిన నున్నటి కార్పెట్టు మీద ఏదీ నిలవదు.

"ఏంటా చప్పుడు?" అన్నాడు మామయ్య.

"మీ సంచి."

"ఒళ్ళో పెట్టుకుంటానన్నాగా."

అత్త తరువాతి మలుపు దగ్గర గేరు తగ్గించి, నిండా సామాను ఎక్కించిన కారును తిప్పినట్టు చాలా నెమ్మదిగా తిప్పింది. అయినా సంచి జారింది.