పక్కా కాని పైసలు

దాజీ పేట్ అంటే మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతగాళ్ల వాడ. అక్కడ మా ఇంటి కింది భాగమంతా మగ్గాలే. నాలుగు పవర్‌లూమ్‌ల మీద బాపు చద్దర్లు నేస్తాడు, అమ్మ అంచులు కుట్టి మడతలు పెడుతుంది. అమ్మకం పని నాది. చద్దర్ల ఫోటోలు నెట్‌లో పెట్టి, బిట్‌కాయిన్ కూడా తీసుకుంటామని రాసింది నేనే. బాపుకు అది అంతగా నచ్చలేదు. చదువుకున్నదాన్ని కదా అని ఊరుకున్నాడు.

ఆ ఫోటోలు చూసి ఒకాయన టెంపో మాట్లాడుకుని వచ్చాడు. అరవై చద్దర్లు ఏరుకున్నాడు. ఒక్కోదాన్ని విప్పి, వెలుతురుకు పట్టి, ఈ నెమళ్లు నేసిన చెయ్యి ఎవరిదని అడిగాడు. బాపు సంబరపడ్డాడు. ఆయన నా ఎదుటే ఫోన్‌లో డబ్బు పంపాడు. నా ఫోన్‌లో మొత్తం కనిపించింది. కిందనే, ఇంకా ఖరారు కాలేదని చిన్న అక్షరాల్లో ఉంది.

దాని అర్థం నాకు తెలుసు. ఖరారయ్యేదాకా, పంపినవాడు ఎక్కువ ఫీజు కట్టి అదే డబ్బును ఇంకోచోటికి మళ్లించగలడు. కాసేపు ఆగాలి. కానీ టెంపో అతను తొందరపెడుతున్నాడని ఆయన అన్నాడు. మా పనిని అంత మెచ్చుకున్న మనిషిని ఆగమనడానికి నాకు నోరు రాలేదు.

"వచ్చినయి బాపూ, మాల్ ఎక్కియ్యి," అన్నాను.

టెంపో వెళ్లిన కాసేపటికి చూస్తే ఆ డబ్బు లేదు. వేరే చిరునామాకు పోయి అక్కడ ఖరారైంది. ఆయనకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

చెప్పగానే బాపు మగ్గం ఆపాడు.

"వచ్చినయంటివి గద బిడ్డా?"

"కనబడ్డయి బాపూ. పక్కా కాలే."

"మరి ఆగుమనకపోతివి?"

"షరమైంది బాపూ, నోరు రాలే."

"నాకైనా గంతే అయితుండె," అన్నాడు బాపు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదేమో.

పోలీసు చౌకీలో హవల్దార్ ఓపికగా విన్నాడు. ఎంత డబ్బు పోయిందని అడిగితే, డబ్బు రానేలేదు సాహెబ్, చద్దర్లు పోయాయని బాపు మరాఠీలో చెప్పాడు. టెంపో నంబర్ మాలో ఎవరమూ చూడలేదు. ఫిర్యాదైతే రాసుకున్నారు గానీ మాల్ దొరకలేదు.

నెట్‌లోంచి బిట్‌కాయిన్ మాట తీసేస్తానన్నాను.

"తియ్యకు. ఆగుమనుడు నేర్చుకో, చాలు," అన్నాడు బాపు.

కొన్ని నెలలకు, బట్టల దుకాణం నడిపే ఒకామె వచ్చి అట్లాగే డబ్బు పంపింది. మాల్ గుమ్మం దగ్గరే ఉంది. ఎక్కియ్యమనబోయి ఆగాను.

"పక్కా అయ్యేదాంక జర ఆగాలె అక్కా."

"ఆగకుంటెట్ల? నేనైనా గట్లనే ఆగుమంట," అంటూ మా అమ్మ పక్కన కూర్చుంది.

ఆ రోజు ఖరారు కావడానికి దాదాపు గంట పట్టింది. ఆ గంటలో బాపు ఆమెకు నాలుగు మగ్గాల దగ్గరికీ తిప్పి చూపించాడు.