తెంపని నాలుగు సాళ్లు

చేవెళ్ల రోడ్డు మీద కొత్త ఫంక్షన్ హాలు వెనక, పెళ్లయిన మర్నాడు కుప్పపోసిన గులాబీలు ఎండకు మగ్గి వాసన కొడతాయి. షేర్ ఆటోలో పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం లాక్‌డౌన్ ఎండాకాలం, నా పన్నెండో ఏడు, ఇదే రోడ్డు మీది మా ఊరు హిమాయత్‌నగర్‌లో మా అర ఎకరం గులాబీ తోట, గట్టున కుళ్లిన పూలదిబ్బ గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

ఆ ఏడు సిటీ పూలమార్కెట్ మూతపడింది. మా నాన్న, మేమంతా బాపు అంటాం, పొద్దంతా టీవీ ముందు కూర్చుని తల పట్టుకునేవాడు. చర్చికి తాళం పడితే ఈస్టర్ ప్రార్థన ఇంట్లోనే చేసుకుని, పుదీనా ఘుమఘుమలాడే బగారా అన్నం తిని, మధ్యాహ్నమంతా అరుగు మీద అష్టాచెమ్మా ఆడుకున్నాం. ఇంటిల్లిపాదినీ బెంగపడకుండా నిలబెట్టింది బాపు తల్లి, మా అవ్వ. ఎవరూ కొనని పూలను కూడా తెల్లవారకముందే లేచి, తలకు తువ్వాల చుట్టుకుని, యేసయ్య పాట సన్నగా పాడుకుంటూ తెంపేది, మాచేత తెంపించేది.

"మార్కెట్ బందైందని చెట్టుకు ఎర్కనా బిడ్డా? పువ్వు చెట్టు మీదనే వాడితే కాయ గడ్తది, మల్ల మొగ్గెయ్యది," అనేది. తెంపినవి దిబ్బలో పోసి, చేతులు కడుక్కుని, జొన్న అంబలి తాగితేనే మాకు రోజు మొదలైనట్టు.

కంచె పక్క నాలుగు సాళ్లు నా వంతు. దిబ్బలో పోసే పూలకోసం ముళ్లు గుచ్చుకోవడమెందుకని నాకు ఒళ్లు మండేది. ఆన్‌లైన్ క్లాసుకని కొన్న ఫోన్‌తో మోటరు గది వెనక ఆటలాడి, బుట్టలో అడుగున ఆకులు, పైన నాలుగు పూలు పరిచి తెచ్చేదాన్ని. చూసేవాళ్లెవరు, తూచేవాళ్లెవరు! ఒకరోజు అవ్వ గట్టు మీద నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏందే, అక్కడ పువ్వులున్నట్టే అవుపడుతున్నది?"

"అవి మొగ్గలవ్వా. నీకు కండ్లు మసకలైనయి," అన్నాను.

నమ్మింది. రోజూ అడిగింది, రోజూ అదే చెప్పాను.

మార్కెట్ తెరుస్తారనగా బాపు తోటంతా తిరిగాడు. మిగతా చెట్లు మొగ్గలతో నిండుగా ఉన్నాయి. నా సాళ్లలో రేగిపండ్లంత కాయలు తప్ప ఏమీ లేవు. "ఇవెందుకు తెంపలే?" అని అరిచాడు. నేను అవ్వ వెనక నక్కాను.

"పిల్లనేమనకు కొడుకా. మొగ్గేదో పువ్వేదో నాకే తెలుస్తలేదు. కండ్లు పోయినయి," అంది అవ్వ. నన్ను అనుమానించడం కంటే తన కళ్లను అనుమానించడమే ఆమెకు తేలికైంది.

"అయితే ఇగ తోటకు రాకవ్వా, ఇంట్లనే ఉండు," అన్నాడు బాపు. నేను అవ్వ వెనక నుంచి జారుకుని మోటరు గది వైపు నడిచాను.

మర్నాడు కూడా అవ్వ అదే వేళకు లేచి, తువ్వాల చుట్టుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాకా వెళ్లి, గుర్తొచ్చి వెనక్కొచ్చి మంచం మీద కూర్చుంది. ఆ తర్వాత ఆ పాట నేను వినలేదు.

తోట ఇప్పుడు ప్లాట్లయింది. రంగులేసిన హద్దురాళ్ల మధ్య ఒక్క గులాబీ మొక్క కూడా మిగల్లేదు. పోయిన ఏడు కంటి డాక్టరు, వయసుకు చూపు బాగానే ఉందంటే అవ్వ నవ్వేసింది. "నా కండ్ల సంగతి నాకెర్క లేదా?" అంది.

ఇవాళ పొద్దున బియ్యం ఏరి, చేట నా ముందుకు తోసింది. "రాళ్లున్నయేమో, జర నువ్వు చూడు బిడ్డా."

ఒక్క రాయి లేదు. అన్నీ ఆమే ఏరేసింది. నీ చూపు బాగనే ఉన్నది, అప్పుడు అబద్ధమాడింది నేనని చెప్పబోయాను. "రాళ్లు లేవవ్వా," అని మాత్రం అన్నాను.

"నువ్వు చూసినవంటే ఇగ ఫికర్ లేదు," అంటూ చేట తీసుకుని లోపలికి వెళ్లింది.