పదిహేడో పేజీ

సుభాషిణి రోజూ పొద్దున్న ఏడున్నరకి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో ఒక ఫుల్‌స్టాప్ పెట్టేది. మర్నాడు అదే వేళకి దాన్ని తీసేసేది. ఉద్యోగాల సైటులో తన వివరాల చివరన ఉండే ఆ చుక్కకి అర్థమేమీ లేదు. ఏదో ఒకటి మార్చి సేవ్ చేస్తే పేరు వరసలో పైకి వస్తుందని, మనుషుల్ని వెతికేవాళ్లు పై పది పేర్లు దాటి కిందికి దిగరని, ఉద్యోగం పోయిన ఢిల్లీ అకౌంటెంట్లు ఒకరికొకరు చెప్పుకునే మాట. నలభై ఏడేళ్ల మనిషి, ఇరవై రెండేళ్ల అనుభవం పెట్టుకుని, ఎనిమిది నెలలుగా ఒక చుక్కని ఎక్కిస్తూ దించుతూ కూర్చుంది. దీన్నే కెరీర్ డెవలప్‌మెంట్ అంటారని ఎవరో ఆన్‌లైన్ క్లాసులో చెప్పగా విని, అలాగా అనుకుంది.

ఆమెది తణుకు. సి.ఎ. ఇంటర్ పాసైంది, ఫైనల్ రెండుసార్లు తప్పింది. మూడోసారి రాసేలోపు పెళ్లయి, కేంద్ర ప్రభుత్వ కొలువులో ఉన్న సాయిప్రకాష్ వెంట ఢిల్లీ వచ్చేసింది. మయూర్ విహార్‌లో ఫ్లాటు. ఉద్యోగాలు మారినా పని మాత్రం తణుకులో తన ఆడిటరు గారు నేర్పినట్టే చేసేది. ఆయన రెండు మాటలు నేర్పారు. రేపు నువ్వు రాకపోయినా నీ కుర్చీలో కూర్చున్నవాడు తడుముకోకూడదు, అంచేత చేసే పనంతా రాసి పెట్టు అన్నది మొదటిది. రసీదు పుస్తకంలో కాగితం పాడైతే చింపెయ్యకు, అడ్డంగా రెండు గీతలు గీసి, క్యాన్సిల్డ్ అని రాసి, పొట్టి సంతకం పెట్టి అక్కడే ఉంచు అన్నది రెండోది. నంబరు తెగితే నమ్మకం తెగుతుందనేవారాయన.

మొదటి మాటే ఆమె కొంప ముంచింది. నోయిడాలో బట్టలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు చేశాక, యజమాని కొడుకు వచ్చి, మీరు చేసే పనంతా ఒక ఫైలుగా రాసివ్వండి మేడమ్ అన్నాడు. అడగడమే తరువాయి, అరవై రెండు పేజీలు రాసిచ్చింది. ఏ స్క్రీను తెరవాలి, ఏ తారీకున ఏం పంపాలి, ఎక్కడ తప్పు దొర్లుతుంది, అన్నీ. చివర పేరు రాసి సంతకం కూడా పెట్టింది, అదో మురిపెం. మూడు వారాలకి ఆ పనంతా గుర్‌గావ్‌లో పది కంపెనీల లెక్కలు రాసిపెట్టే సంస్థకి వెళ్లిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేశారు. ఆ తెప్ప కట్టిచ్చింది తనేనని ఆమెకి ఇంటికొచ్చాక గాని తోచలేదు.

ఆరేళ్ల కిందటి మాట అది. తర్వాత చేసిన చిన్నాచితకా కొలువులూ పోయాక తిరుగుడు మొదలైంది. సి.ఎ. పూర్తి కాలేదుగా అని ఒకచోట, అనుభవం మరీ ఎక్కువైపోయిందని ఇంకోచోట. ఢిల్లీలోనే ద్వారకలో ఒక ఆఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టి ఆ పోస్టు ఆగిపోయిందన్నారు. కరోల్ బాగ్‌లో ఒకాయన, మీకంటే చిన్నవాళ్ల కింద చేయగలరా అని అడిగి, చేస్తానంటే నమ్మకం లేనట్టు చూశాడు. అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని మరొకామె అడిగితే, మంచం మీద అనబోయి నాలుక కరుచుకుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా! వాళ్ల ప్రశ్నలు వాళ్లవి. మెట్రోలో ఆడవాళ్ల పెట్టెలో నిలబడి ఇంటికి వస్తుంటే ఆమెకి కాళ్లకన్నా మొహం ఎక్కువ నొప్పి పెట్టేది, పొద్దుటి నుంచి నవ్వి నవ్వి.

జనవరిలో ఒక ఫోను వచ్చింది. నోయిడా సెక్టర్ అరవై మూడులో లిఫ్టుల విడిభాగాలు చేసే కంపెనీ. మార్చి లెక్కల ముగింపు పనికి మూడు నెలల కాంట్రాక్టు, నచ్చితే పర్మనెంటు. మేనేజరు పేరు శ్రీహర్ష, ముప్ఫై ఏళ్లుంటాయి, ద్వారకలో పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు అర్థమవుతుంది గాని నాలుక హిందీలోకే జారుతుంది. మొదటిరోజే ఆంటీ అనబోయి మేడమ్ అని దిద్దుకున్నాడు. ఆమె అతన్ని సార్ అంది. ఈ వయసులో పర్మనెంటు ఒక్కటి దొరికితే మళ్లీ ఆ చుక్క జోలికి పోనవసరం లేదు. ఆమె కోరిక అంతే, అంతకు మించి ఏమీ లేదు.

మార్చి నాలుగో వారంలో శ్రీహర్ష పిలిచి, ముప్ఫయ్యో తారీకులోపు మీరు చేసే పనంతా ఒక ఫైలు చేసివ్వండి మేడమ్, హెడ్డాఫీసుకి చూపించాలి అన్నాడు. ఆమె ఠీక్ హై సార్ అని బయటికొచ్చింది. పాత కథే, ఆఫీసు వేరు.

ఆదివారం మధ్యాహ్నం కింది ఫ్లాటు వీణ వచ్చింది. కరీంనగర్ మనిషి, వేరే కంపెనీలో ఉద్యోగాలిచ్చే విభాగంలోనే చేస్తుంది కాబట్టి ఆ మాయలన్నీ ఆమెకి తెలుసు. బల్ల మీద ఫైలు చూసి తిప్పింది.

"అక్కా, ఈసారి గూడ మొత్తం రాసిస్తున్నవా? రాసిచ్చినంక నీతోని వాళ్లకేం పని? ఒక్కటన్న నీ తలకాయల ఉంచుకో."

ఏది ఉంచుకోవాలో సుభాషిణి వెతుక్కోనక్కర్లేదు. పదిహేడో పేజీ. ముగ్గురు సరఫరాదారులు తమ బిల్లులు ప్రభుత్వ పోర్టల్లో వేళకి ఎక్కించరు. వాళ్లు ఎక్కించకపోతే ఈ కంపెనీ పన్ను లెక్క తేలదు. ఎవరికి ఎప్పుడు ఫోను చెయ్యాలో ఆ పేజీలో ఉంది. మానేసర్ వాళ్లకి అయిదో తారీకునే చెప్పాలి. వజీర్‌పూర్ ఆయనకి మెయిల్ దండగ, వాట్సాప్ చాలు. ఫరీదాబాద్ గుమాస్తా భోజనం అయ్యాకే ఫోను తీస్తాడు, ముందు వాళ్లమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో అడగాలి, కోప్పడితే నెల పోయినట్టే. ఇవన్నీ మూడు నెలలు విసుగు దిగమింగుకుని తెలుసుకున్న సంగతులు.

పేజీ ఊడదీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పదహారు తర్వాత పద్దెనిమిది చూసేసరికి ప్రాణం ఒప్పలేదు. నంబర్లు మార్చి మళ్లీ ప్రింటు తీసుకుంటే సరిపోయేదని మీరూ నేనూ అనుకుంటాం. ఆమెకి తోచింది వేరు. తెల్ల కాగితం తీసి, మూలన 17 వేసి, అడ్డంగా రెండు గీతలు గీసి, క్యాన్సిల్డ్ అని రాసి, పొట్టి సంతకం పెట్టి ఫైలులో గుచ్చింది. దాచేదాన్ని దాస్తూ, ఇక్కడ దాచానని సంతకం పెట్టి మరీ చెప్పడం! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

సోమవారం ఫైలు ఇచ్చింది. బుధవారం మధ్యాహ్నం శ్రీహర్ష పిలిచాడు. బల్ల మీద ఫైలు సరిగ్గా అక్కడే తెరిచి ఉంది.

అతను తెలుగులో మాట్లాడాలని గట్టిగా అనుకున్నట్టున్నాడు, మధ్యమధ్య హిందీ దొర్లుతూనే ఉంది. తన మొదటి ఉద్యోగం గుర్‌గావ్‌లో ఆ లెక్కలు రాసిపెట్టే సంస్థలోనేనట. చేరిన మొదటి వారం అందరి చేతుల్లోనూ ఒక ఫైలు పెట్టి ఇది చదువుకోండి అన్నారట. అరవై రెండు పేజీలు, చివర ఎస్. సుభాషిణి అని సంతకం. జనవరిలో మనిషి కోసం వెతుకుతుంటే ఆ పేరు అన్నిటికన్నా పైన కనిపించిందట.

"నేను పని నేర్చుకుంది ఆ ఫైల్‌తో మేడమ్, కాలేజీలో కాదు. హెడ్డాఫీస్‌కి చెప్పాను, ఈవిడ మన నాలుగు బ్రాంచ్‌లకీ ఇలాంటి ఫైల్ రాస్తారు, పర్మనెంట్ చేద్దాం అని. సబూత్ కోసమే, అంటే రుజువుకే, ఇది అడిగాను. నిన్న స్కాన్ చేసి పంపించేశా. వాళ్లు ఒకటే అడుగుతున్నారు. పదిహేడులో ఏముండేది?"

 సుభాషిణి ఆ ఫైలు తనని ముంచిందనుకుంది గాని ఎక్కడో ఎవరికో అన్నం పెట్టిందని, తిరిగి తన దాకా వచ్చి తలుపు తట్టిందని ఎన్నడూ అనుకోలేదు. సిగ్గేసింది. సాకులు నాలుగైదు తోచాయి, ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. చింపెయ్యడానికి చెయ్యి రాక మూడు రోజులుగా మోస్తున్న కాగితం.

అతను చదివాడు. ఫరీదాబాద్ అమ్మ మోకాళ్ల దగ్గర కొంచెం నవ్వాడు. అప్పటికప్పుడు స్కాన్ చేసి, పొరపాటున విడిపోయిందని రాసి పంపుతానన్నాడు. ఆమె వద్దంది. ఉన్నదున్నట్టు రాయమంది.

శుక్రవారం జవాబొచ్చింది. కాంట్రాక్టు ఇంకో మూడు నెలలు. పర్మనెంటు సంగతి తర్వాత చూద్దాం, అప్పటిదాకా ఆమె పని గమనించండి. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటారే, అలాగైంది. శ్రీహర్ష ఆమెకన్నా ఎక్కువ నొచ్చుకున్నాడు. ఆమె మాత్రం వాళ్లని తప్పు పట్టలేకపోయింది. ఆ స్థానంలో తనున్నా అదే ప్రశ్న వేసేది, అదే జవాబు రాసేది.

అతను ఫైలు ముందుకి జరిపి, ఆ క్యాన్సిల్డ్ కాగితం తీసేసి అసలు పేజీ పెట్టెయ్యండి మేడమ్, చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. సుభాషిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. అసలు పేజీ మీద 17 పక్కన చిన్నగా 'ఎ' అని చేర్చి, గీతల కాగితం వెనకాల గుచ్చింది. గీతల కాగితం కదపలేదు.

"ఒకసారి ఎక్కిందాన్ని తియ్యకూడదు బాబూ," అంది. సార్ అనడం మరిచిపోయింది.

"రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?"

"రాసినావిడ ఆ వారం భయపడిందని చెప్పండి."

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోను తీసి, మూడు నెలలుగా ముట్టుకోని ఆ చుక్కని మళ్లీ పెట్టింది.