గాలిమోటర్ బావ

మా బావ పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నిర్మల్, ఖానాపూర్ తట్టు ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువే గాని, గాలిమోటర్ ఆయన అంటే తెలియనివాళ్ళు లేరు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, మంచి చాలానే ఉంది. కాని మంచి ఒక్కటే రాస్తే మా అక్క నన్ను గడప తొక్కనివ్వదు.

నిజాం కాలంలో ఆయన హైదరాబాదు విమానాల వర్క్‌షాపులో పని చేశాడు. అక్కడి దొరల దగ్గర నడపడమూ నేర్చుకున్నాడు. పోలీసు చర్య తర్వాత ఆ పాత సామానంతా వేలం వేస్తుంటే, యుద్ధకాలం నాటి విరిగిన విమానం ఒకటి పాడుకున్నాడు. అందుకోసం తన వాటా చెలక భూమి అమ్మేశాడు. పెళ్ళిలో మా బాపు పెట్టిన ఉంగరమూ దాని వెంటే పోయింది. పెళ్ళయ్యాక ఆయన మా ఇంట్లోనే ఉండేవాడు. లారీలో కట్టెలు, ఇనుప గొట్టాలు వచ్చి మా వాకిట్లో దిగితే, మా అవ్వ వానకాలానికి అల్లుడు పొయ్యి కట్టెలు తెచ్చాడనుకుని సంబరపడింది.

"బావా, మా అక్కకు సవతిని తెచ్చినవ్. అది గూడ పెట్రోలు తాగే సవతి" అన్నాను. ఆయన నవ్వి, "జర ఆగు మరదలా, అది లేచిననాడు ముందుగాల నిన్నే ఎక్కిస్త" అన్నాడు.

ఆ కట్టెలు విమానం కావడానికి ఏళ్ళు పట్టింది. రెక్కలు కట్టెవే గాని వాటి మీద గుడ్డ తొడగాలి. ఆ గుడ్డ కుట్టింది మా వాడకట్టు బీడీలు చేసే ఆడవాళ్ళు. చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా తునికాకు చుట్టి దారం కట్టే వేళ్ళు వాళ్ళవి. బావ కుట్టు కుట్టుకూ చేత్తో తడిమి చూసేవాడు, నచ్చకపోతే విప్పించేవాడు. "గిదేం రవిక కాదు పెద్దవ్వా, నా పానం" అని బతిమాలేవాడు. ఆ ఆడవాళ్ళలో పెద్దదైన ఆ పెద్దవ్వ, "నీ పానానికి గింత నఖరా ఎందుకు బిడ్డా" అంటూనే మళ్ళీ కుట్టేది. గుడ్డ మీద మందు పూసి ఆరబెడితే అది డప్పులాగా బిగుసుకునేది. కూలి ఇవ్వబోతే ఒక్కరూ ముట్టలేదు. చక్రాలకు డబ్బు తక్కువ పడితే తలా ఇంత చందా కూడా వాళ్ళే వేశారు. అది లేచిన రోజు నుంచి వాళ్ళ నోట అది "మన గాలిమోటర్" అయింది.

లేపడం ఒక ఎత్తు, లేచినదాన్ని పోషించడం ఇంకో ఎత్తు. పెట్రోలు, నూనె, ఏటేటా హైదరాబాదు నుంచి వచ్చి తనిఖీ చేసే ఆఫీసరు మర్యాదలు. ఆ ఆఫీసరు సంతకం పెడితేనే ఆ ఏడు ఎగరడానికి అనుమతి. పొగిడేవాళ్ళు వస్తే బావ, "పెట్రోలు పోస్తే లేస్తది సాబ్, పొగిడితే లేవది" అనేవాడు. పెద్దింటి పెళ్ళిళ్ళకు పూలు చల్లాడు. కొత్త సినిమాకు కరపత్రాలు విసిరాడు. అన్నిటికన్నా ఎక్కువ పని ఇచ్చింది మా ఆడవాళ్ళు బీడీలు చేసిచ్చే కార్ఖానా సేటు. తన బీడీల పొగడ్త అచ్చు వేయించి పల్లెపల్లెనా చల్లించేవాడు. కట్టలు ఒళ్ళో పెట్టుకుని బావ ఒంటిచేత్తో విసిరేవాడు, పిల్లలు పొలాల మీద పడి ఏరుకునేవాళ్ళు.

ఆ సంపాదనలోంచే నన్ను కరీంనగర్‌లో టీచరు ట్రైనింగు చదివించాడు. ఇది నేను మరవను. ఆడపిల్లకు చదువెందుకని మా బాపు గునిసితే, "నా ఇంజనుకు ఒక పూట పెట్రోలు తక్కువైతది, గంతే గదా మామా" అన్నాడు. మాట ప్రకారం నన్ను ఎక్కించాడు కూడా. పై నుంచి గోదావరిని చూసి నేను కేకలు పెడుతుంటే వెనక సీట్లో నడుపుతూ పకపకా నవ్వాడు. అంత మంచి మనిషి మీద మనసు విరగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నేను బడిలో చేరిన కొత్తలో బీడీ సమ్మె వచ్చింది. సేటు ఇచ్చే ఆకు తగ్గించాడు, తేవాల్సిన బీడీలు మాత్రం తగ్గించలేదు. తక్కువ పడ్డ ఆకు ఎవరికి వాళ్ళే కొనుక్కోవాలి. ఆడవాళ్ళు చాటలు బోర్లించి కూర్చున్నారు. నిర్మల్‌లో మా వాడకట్టుకు మా అక్కే ముందు నిలబడింది. ఖానాపూర్‌లో అదే సేటుకు చేసేవాళ్ళూ కలిశారు. పూట గడవని ఇళ్ళున్నాయి, అయినా ఎవరూ కార్ఖానా మొహం చూడలేదు. సేటు మనిషి వచ్చి ఏం చెప్పినా నవ్వి పంపించారు. ఇంకొన్నాళ్ళు నిలిస్తే సేటు దిగివచ్చేవాడే.

ఒక రోజు పొద్దున గాలిమోటర్ వచ్చింది. పసుపు కాగితాలు రాలాయి. ఖానాపూర్ వాళ్ళు తగ్గించిన ఆకుకే ఒప్పుకుని పనిలో చేరారనీ, రేపటికల్లా రానివాళ్ళకు ఇక ఆకు ఇవ్వరనీ వాటిలో ఉంది. అక్క నమ్మలేదు, ఆగమంది. పెద్దవ్వే ఆమెకు ఎదురు తిరిగింది. "సేటు మనిషి తెస్తే పొయ్యిల పెడుదు బిడ్డా. మన గాలిమోటర్ల కెల్లి పడ్డది. మన బిడ్డ ఏసిండు. అబద్ధం ఎట్లయితది?" మర్నాడు అందరూ ఆకు బుట్టలతో కార్ఖానా ముందు నిలబడ్డారు. అక్క కూడా నిలబడింది.

ఆ వారం అంగడిలో నిజం బయటపడింది. రెండు ఊళ్ళ నడుమ వారం వారం జరిగే సంత అది. మిరపకాయల దగ్గర ఒక ఖానాపూర్ ఆమె మా పెద్దవ్వను పట్టుకుంది.

"ఏందవ్వా, మీరు గంత తొందరగ పనిల కలిసిర్రు?"

"మాదేం తొందర? మీరే ముందుగాల కలిసిర్రంట గదా!"

"ఎవలు చెప్పిర్రు?"

"గాలిమోటర్ కాయితం."

ఖానాపూర్ ఆమె కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. అదీ గాలిమోటర్ వేసిందే, కాని గులాబీ రంగుది. పక్కనే ఉన్న నన్ను చదవమన్నారు. నిర్మల్ వాళ్ళు తగ్గించిన ఆకుకే ఒప్పుకుని పనిలో చేరారని ఉంది. మిగతాదంతా అక్షరం తేడా లేదు. మా పెద్దవ్వ అంగడి నడుమనే కూలబడి, తన వేళ్ళను తనే చూసుకుంటూ కూర్చుంది.

ఇంటికి వచ్చి అక్క వాకిట్లోనే అడిగింది. ముందు బావ, కాగితంలో ఏముందో తను చదవలేదన్నాడు. "పసుపుది ఇక్కడ, గులాబిది అక్కడ ఎయ్యాలని ఎట్ల తెలిసింది మరి?" అంది అక్క. అప్పుడు గాని బావ అసలు సంగతి చెప్పలేదు.

"ఇంజన్ ఖరాబైంది. బొంబాయికి పంపకపోతే మళ్ల లేవది. ఈ కాయితాలేస్తే సేటు తన పైసలతోని పంపిస్తనన్నడు. ఏం జెయ్యమంటవ్?"

"సేటు మోసం జేస్తే బాధ లేదు, సేటు సేటే. నువ్వెందుకు జేసినవ్? మమ్ముల అడిగితే ఇంకో చందా ఎయ్యకపోదుమా?"

"మీరే పస్తులుంటిరి. ఎట్ల అడుగుదు?"

"అడుగుతానికి సిగ్గయింది. ముంచుతానికి కాలే."

పస్తులున్నవాళ్ళను చూసి జాలిపడ్డవాడే ఆ పస్తులను మట్టిపాలు చేశాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఇన్నేళ్ళకూ నా కోపం చల్లారలేదు. ఆయన లేడని ఈ రోజు ఆ మాట మింగలేను.

విరిగిన సమ్మె మళ్ళీ నిలబడలేదు, ఇంజన్ మాత్రం బొంబాయి నుంచి బాగై వచ్చింది. ఇంకొన్నేళ్ళు ఎగిరింది. తర్వాత రెక్కల కట్టెకు చెద పట్టిందని ఆఫీసరు సంతకం పెట్టలేదు, నాగపూరు ఆయన ఎవరో వచ్చి లారీలో పట్టుకుపోయాడు. అక్క బావను వదిలి పోలేదు, ఒక్క పూట పస్తు ఉంచలేదు. కాని ఎదురుగా కూర్చున్న మనిషితో నా ద్వారా మాట్లాడేది. "మీ బావకు చెప్పు, అన్నమైంది" అనేది. ఆయనా నాతోనే, "మీ అక్కకు చెప్పు, తిన్న" అనేవాడు. వాడకట్టులో ఎవరింట స్టవ్వు పాడైనా, సైకిలు చెడినా పిలవకముందే వెళ్ళి బాగు చేసి వచ్చేవాడు. బాగు చేయించుకునేవాళ్ళు. చాయ్ మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు.

శుక్రవారం అక్క ఏడవలేదు. ఆయన మీద గుడ్డ కప్పి, "ఎవల్నో పంపకు. నువ్వే పోయి చెప్పు" అంది. ముందు పెద్దవ్వ ఇంటికి పోయాను. చూపు తగ్గినా ఇంకా బీడీలు చుడుతూనే ఉంది.

"పెద్దవ్వా, బావ పోయిండు."

చేతులు ఆగాయి. తల ఎత్తకుండానే అడిగింది. "నిజమేనా? ఎవలు చెప్పిర్రు?"

"నేను చూసే వస్తున్న."

ఆమె చాట పక్కన పెట్టి, నా భుజం పట్టుకుని నడిచి వచ్చింది. దారిలో ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు వెంట వచ్చారు గాని మా వాకిలి దాటి లోపలికి రాలేదు. పెద్దవ్వ ఒక్కతే పోయి, వంగి, గుడ్డ తొలగించి ఆయన మొహం చాలాసేపు చూసింది. చేత్తో తడిమింది. తర్వాత వాకిట్లో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగి, "నిజమే" అంది.

అప్పుడు గాని వాళ్ళు ఏడవలేదు. మా అక్క కూడా అప్పుడే ఏడ్చింది.