ఉప్పెన పేజీలో మాటలు

2001లో మచిలీపట్నంలోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఎడిటింగ్ చూసేదాన్ని. మాకు వచ్చేవి ఎక్కువగా పెళ్లి కార్డులు, కాలేజీ మ్యాగజైన్లు. కామిక్ పుస్తకం రావడం అదే మొదలు.

తెచ్చినాయన నాంచారయ్య గారు. నాగాయలంక వైపు వేట కుటుంబం. పడవలకు పేర్లు, షాపులకు బోర్డులు రాసేవారు. ఆయన కథలో కరెంటు లేదు, డీజిలు లేదు, లోకమంతా ఆవిరి యంత్రాల మీదే నడుస్తుంది. ఈ తరహాని స్టీమ్‌పంక్ అంటారని తెలిసిన లెక్చరర్ ఒకాయన చెప్పారు. అందులో ఒక తండ్రి, ఉప్పెన వస్తే ఊరిని పైకి లేపే యంత్రం కడతాడు.

యంత్రాలు ప్రాణంతో ఉన్నాయి. గుడివాడ రైసు మిల్లుల్లో చూసిన బాయిలర్లకు కాళ్లు తొడిగి సముద్రంలో నడిపించారాయన. ఇత్తడి గొట్టాల మీద చెమ్మ కూడా కనిపించేది. మనుషులకు మాత్రం అందరికీ ఒకటే ముఖం. కొన్ని ప్యానెళ్లలో, అంటే బొమ్మల గడుల్లో, పొగ కమ్మేసి చూపు ఎటు వెళ్లాలో తెలిసేది కాదు. మాటలు మరీ బరువు. కళ్లెదుట పొగ కనిపిస్తున్నా "అదిగో, పొగ వచ్చుచున్నది!" అని ఎవరో ఒకరు ప్రకటించేవారు.

ప్రూఫు ముందు పెట్టుకుని ఇవన్నీ చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. చివరికి ఉప్పెన పేజీ దగ్గరికి వచ్చాం. నీళ్లలో తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. అతని మాటల బెలూన్ సగం పేజీ ఆక్రమించింది.

"అంత గాలిలో ఇంతసేపు మాట్లాడతారా అండీ ఎవరైనా?" అన్నాను.

"మాట్లాడరండీ" అన్నారాయన. "దివిసీమ ఉప్పెనలో మా చెల్లి చెయ్యి పట్టుకుంది నేనేనండీ. నోట్లోకి నీళ్లు పోతుంటే ఏం అనగలను? జారిపోయింది. అనాల్సినవన్నీ ఇక్కడ రాసుకున్నాను."

పెన్నుకి మూత పెట్టేశాను. "అయితే ఇలాగే ఉంచుదామండీ."

"వద్దమ్మా. ఓసారి పట్టుకెళ్తాను."

కొన్నాళ్లకు ఆ పేజీ మళ్లీ గీసి తెచ్చారు. పెద్ద బెలూన్ లేదు. ఓ మూల "గట్టిగా పట్టుకోవే" అన్న మాట ఒక్కటే. ఖాళీ అయిన చోట పిల్ల ముఖం. కనుబొమ మీద మచ్చ, ఊడిన ముందుపన్ను. పుస్తకం మొత్తంలో ఇంకెవరిలా లేని ముఖం అదొక్కటే.

"మాటలు రాసేస్తే ముఖం గియ్యక్కర్లేదనుకున్నానండీ ఇన్నాళ్లూ" అన్నారు.

పుస్తకం అచ్చయింది. మిగతా పేజీల్లో పొగ, బరువు మాటలు కొన్ని అలాగే ఉండిపోయాయి. తొలి కాపీ వాళ్లమ్మగారికి ఇచ్చానని తర్వాత వచ్చినప్పుడు చెప్పారు. ఆవిడకు చదవడం రాదు. పేజీలు తిప్పుతూ ఆ పిల్ల ముఖం దగ్గర ఆగిపోయారట. చాలాసేపు చూసి, "రవణమ్మ పన్నూడిన సంగతి నీకూ గుర్తుందంట్రా?" అన్నారట. ఉప్పెన తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు పలకడం అదే మొదటిసారట.

అనవసరమైన మాటలు కొట్టెయ్యడం నా వృత్తి. ఇప్పటికీ అదే చేస్తున్నాను. కాకపోతే కొట్టేసేముందు రాసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ మాట ఎవరితో అనాలనుకున్నారని అడుగుతాను.